తోడేలుకు దొరకని చెవి బిళ్లలు

బక్కమ్మంత జాగ్రత్త మనిషిని నా పాతికేళ్ల నౌకరీలో చూడలేదు. ఆ జాగ్రత్తే మా కొంప ముంచింది.

మేళ్లచెరువు అవతల రాళ్ల గుట్టల్లో గొర్రెలు కాసేది. భర్త పోయి పదేళ్లు. చదువు రాదు గానీ, మందలో ఏది దేని బిడ్డో, ఏది దేనితో పొడుచుకుందో గడగడా చెప్పేది. నేను పశువుల దవాఖానలో కాంపౌండర్ని. 2009లో ఆమె ముప్పైనాలుగు గొర్రెలకూ ఇన్సూరెన్స్ చేయించి, చెవులకు నంబరు బిళ్లలు కొట్టింది నేనే. పోతూ పోతూ గట్టిగా చెప్పాను. "బిళ్ల పోతే పైసా రాదు. పైలం!"

మూడు నెలలు బాగానే గడిచాయి. ఒకనాడు ఒక బిళ్ల తుమ్మకంపకు తగులుకుని ఊడబోయింది. అంతే, మహాతల్లి బిళ్లల వెనకుండే బొత్తాలు కోసి, అన్నిటినీ ఊడదీసి, బిస్కెట్ల డబ్బాలో పోసి ఇంట్లో దాచింది.

ఆ వానాకాలంలో తోడేళ్లు దొడ్డిలో పడ్డాయి. ఏడు గొర్రెలు పోయాయి. మా దవాఖాన డాక్టరు చూసి తోడేళ్ల పనేనని రాసిచ్చాడు. మూడో రోజు కోదాడ నుంచి ఇన్సూరెన్స్ ఆఫీసరు జీపులో వచ్చాడు. ఆయన వెనకే మిర్యాలగూడ గొర్రెల బేరగాడు ట్రాలీ ఆటో వేసుకొచ్చాడు. ఇన్సూరెన్స్ వస్తే బక్కమ్మ దొడ్డికి ఇనుప జాలీ కట్టించుకుంటుంది. రాకపోతే మిగిలిన ఇరవైఏడూ ఇతనికే. జాలీ లేకుండా వాటిని కాపాడలేనని ఆమెకు తెలిసిపోయింది.

"బిళ్లలేవమ్మా?" అన్నాడు ఆఫీసరు.

బక్కమ్మ గర్వంగా డబ్బా మూత తీసింది. "గీడున్నయ్ సారూ. తోడేలుకు ఒక్కటి గూడ దొరకనియ్యలే."

నాకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. ఆఫీసరు డబ్బాలోకి చూశాడు, దొడ్డిలోకి చూశాడు, నావైపు చూశాడు.

"పోయినవి ఎన్నండీ?"

"ఏడు సార్," అన్నాను.

"ఏ ఏడు?"

గుర్తులు చూద్దామని నా రిజిస్టరు తెరిచాను. ఒకటో నంబరు, నల్లది. రెండో నంబరు, నల్లది. ముప్పైనాలుగూ నల్లవే! రాసిన రోజు ఎండ మాడ్చేస్తోంది మరి, నన్నేం చేయమంటారు?

చివరికి ఆఫీసరే దారి చూపాడు. "ఉన్నవాటికి ఏదో ఒక బిళ్ల కట్టేయండి. మిగిలిన ఏడూ చచ్చినవాటివని రాసేస్తాను. త్వరగా కానివ్వండి, నేను వెళ్లాలి."

బంగారంలాంటి మాట. బక్కమ్మ ఒప్పుకుంటేనా!

"ఒకదాని బిళ్ల ఇంకోదానికి ఎట్ల గడ్తం సారూ? బతికినదాన్ని సచ్చిందని రాస్తరా?"

"గొర్రెకు తెలుస్తదా అమ్మా?" అని కసిరాను.

"నాకు తెల్వదా?" అంది.

ఇక కూర్చుంది. ఒక బిళ్ల అంచు నమిలినట్టు ఉంది, ఒకటి బండకు గీరుకుని ఉంది. "ఇది కుంటిదాని బిడ్డది. పక్కదాని చెవు నమిలే బుద్ధి దాని చెల్లెది, గివి దాని పండ్ల గాట్లే," అంటూ ఒక్కోదాన్నీ పిలిచి, చెవి బెజ్జంలోంచి ఉన్ని దారంతో కట్టసాగింది. ఆఫీసరు రెండుసార్లు జీపెక్కి రెండుసార్లు దిగాడు. బేరగాడైతే చూసి చూసి విసుగొచ్చి, తన బేరం చెడుతుందన్న సోయి కూడా లేకుండా, గొర్రెల్ని పట్టుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు.

మధ్యాహ్నానికి ఏడు బిళ్లలు మిగిలాయి. ఆఫీసరు నంబర్లు రాసుకుని, సంతకం గీకి, వాటిని కవర్లో వేసుకుని వెళ్లిపోయాడు. బేరగాడు ఖాళీ ఆటోతో తిట్టుకుంటూ పోయాడు. నాకు పట్టరాని సంతోషం.

"ఇగ పరేషాన్ ఖతం బక్కమ్మా! జాలీ కట్టించుకో," అంటూ తిరిగి చూశాను.

ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. మూడు రోజుల్లో ఆమె కంట నీరు చూడటం అదే మొదలు.

"ఏందమ్మా, పని అయింది గదా!"

"పొద్దటి దాక ముప్పైనాలుగూ ఇంట్లనే ఉండె సారూ," అంది.