తొట్టి పాటకు వేయని గింజ

నవంబరు చివర్లో ఒక పొద్దున, చిక్కడపల్లిలో నా మైక్ సెట్ షాపు షట్టర్ ఎత్తుతున్నాను. నారాయణగూడ చర్చిలో క్వాయర్ నడిపే అమ్మాయి స్కూటీ ఆపింది. హెల్మెట్ కూడా తీయలేదు. "అంకుల్, టీచరమ్మ పోయింది" అంది. షట్టర్ సగంలో ఆగిపోయింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెప్పాలంటే సిగ్గే, అయినా చెప్తాను. "మరి ఈసారి లిస్టు ఎవరు వేస్తరు?" అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. బ్యాంకులో ఉద్యోగం చేసే తెలివిగల మనిషి. ఆ చూపుకు నేను తగినవాణ్ణే.

టీచరమ్మ ముప్పై ఏళ్ళు బడిలో పాట నేర్పింది, ఆ చర్చి క్వాయర్‌లో పాడేది. పెళ్ళి చేసుకోలేదు. అశోక్‌నగర్‌లో మేడ మీద రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేది. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అని పిలిచేది. నేను చర్చి మనిషిని కాను. బోనాలకు, వినాయకుడికి, పెళ్ళిళ్ళకు మైక్ కట్టేవాణ్ణి. క్రిస్మస్‌కు ముందు వారం రోజులు క్వాయర్ వాళ్ళు సాయంత్రం పూట ట్రక్కు ఎక్కి ఇంటింటికీ పోయి పాడుతారు. ఆ ట్రక్కుకు కూడా నాదే సెట్టు, నేను పాట పెడితే దాంతో పాటు వాళ్ళు గొంతు కలుపుతారు.

నాకు చదువు అంతంతమాత్రం. బోర్డు కూడబలుక్కుని చదువుతాను, హడావిడిలో అక్షరం చిక్కదు. క్యాసెట్ల కాలంలో, వాళ్ళకు నేను మైక్ కట్టిన మొదటి ఏడాది, చర్చి క్రిస్మస్ ప్రోగ్రాంలో పిల్లలు అట్టరెక్కలు కట్టుకుని దేవదూతలై స్టేజీ ఎక్కారు. నేను గుడ్ ఫ్రైడే ఏడుపు పాట పెట్టాను. రెండు క్యాసెట్లూ ఒకే రంగు మరి. దేవదూతలు నాలుగు అడుగులు వేసి ఆగిపోయారు. ముందు వరసలో ఒక ముసలామె అలవాటు కొద్దీ కళ్ళు కూడా ఒత్తుకుంది. అందరూ నవ్వారు. నేను వైరు పాడైందని చెప్పి తప్పించుకున్నాను.

మర్నాడు టీచరమ్మ షాపుకు వచ్చింది. వైరు సంగతి అడగలేదు. క్యాసెట్ల మీద బొమ్మలు గీసిన కాగితాలు అంటించుకుని తెచ్చింది. నక్షత్రం, గొర్రె, గంట, డప్పు, పశువుల తొట్టి. "పిల్లలు గూడ గుర్తుపట్టాలె గద తమ్మీ" అంది. నా షాపులో పిల్లలెవరూ లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ పాటల లిస్టు నాకు బొమ్మల్లోనే వచ్చింది. క్యాసెట్లు పోయి పెన్‌డ్రైవ్ వచ్చాక కూడా అంతే. ఒక్కసారి కూడా నేను సంతోషమమ్మా అనలేదు. అనడం నాకు చేతకాదు.

లిస్టు వేసే పద్ధతి కూడా ఆమె పెట్టిందే. డిసెంబరు మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి వెనక హాల్లో బల్ల మీద పది స్టీలు గ్లాసులు. ఒక్కో గ్లాసుకు ఒక్కో పాట బొమ్మ. క్వాయర్‌లో ప్రతి ఒక్కరికీ ఒక చింతగింజ. ఏ గ్లాసులో గింజలు ఎక్కువ పడితే ఆ పాట ఒకటో నంబరు. ఆ ఏడాది ప్రతి ఇంటి ముందూ మొదట మోగేది అదే. మతం వేరైన మైకువాడికి ఓటు ఏందని మొదట్లో ఎవరో గొణిగారు. "పాటను మోసేటోనికి ఓటు లేకుంటే ఎట్ల?" అని నా చేతిలో గింజ పెట్టింది.

అక్కడ మొదలైంది మా కొట్లాట. ఆమెది తొట్టి పాట. తొట్టిలో పడుకున్న పసివాడికి తల్లి పాడే జోల, నీళ్ళు పారినట్టు నెమ్మదిగా పోతుంది. నాది గొర్రెల కాపరులు డప్పు కొట్టుకుంటూ వచ్చే పాట. పుస్తకం చూడకుండా ఇంటామె కూడా గొంతు కలపగలిగితేనే అది ఒకటో నంబరని ఆమె వాదన. మూసిన తలుపు తెరిపించేది ఒకటో నంబరని నా వాదన. జోలపాట పెడితే ఉన్నవాళ్ళు కూడా నిద్రపోతారని నేను ఎకసెక్కం ఆడేవాణ్ణి. ఆమె ఇంటి కిటికీలో ఒక అద్దానికి లప్పం ఊడిపోయి, గట్టి చప్పుడైతే దడదడలాడేది, ఓనరు బాగు చేయించడు. "నీ డప్పు వస్తున్నదంటే ముందుగాల ఆ సందుల కాగితం కుక్కుకోవాలె. నీ పాటకు ఓటేసేది నా కిటికీ ఒక్కటే తమ్మీ" అని ఆమె అంటించేది. ఓడినా నవ్వేది, గెలిస్తే మాత్రం వారం రోజులు దెప్పేది.

మూడేళ్ళ కింద క్వాయర్ అమ్మాయి ఫోను తీసి, గ్లాసులెందుకు, ఏ పాటను ఎన్ని లక్షల మంది చూశారో ఇందులో ఉంది, దాని ప్రకారమే పెడదామంది. ఆ ఒక్క రోజు నేనూ టీచరమ్మా ఒక్క పక్కన నిలబడ్డాం. "ఎంతమంది చూసిండ్రో చెప్తది గని బిడ్డా, ఎంతమంది పాడిండ్రో చెప్తదా?" అని టీచరమ్మ అడిగింది. అమ్మాయి నవ్వి ఫోను సంచిలో వేసుకుంది. బయటికి వచ్చాక ఇద్దరం మళ్ళీ కొట్లాడుకుంటూ బస్‌స్టాపుకు నడిచాం.

పోయిన ఏడాది నుంచి ఆమెకు ఊపిరి అందడం తగ్గింది. ఆ డిసెంబరు గింజలు వేసే రోజు హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. డప్పుకు పన్నెండు గింజలు, తొట్టికి పదకొండు. ఆ పన్నెండులో ఒకటి నాది. "ఒక్క గింజ" అని నావైపు వేలెత్తి చూపించి నవ్వింది, నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చింది. ఆ సాయంత్రం లిస్టు చేతికిచ్చినప్పుడు నాకు మనసొప్పలేదు. ట్రక్కు మీద ఎవడు చూస్తాడు, తొట్టి పాటే ముందు పెట్టేస్తానన్నాను. ఆమెకు కోపం వచ్చింది. గెలవని పాటను ముందు నిలబెడితే పాటకే సిగ్గని, అట్లాంటి పని చేస్తే తన గడప తొక్కొద్దని చెప్పింది.

ఈ ఏడాది అక్టోబరులో చూడబోయాను. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండర్ ఉంది. ఏదో చెప్పింది. నలభై ఏళ్ళు సౌండు బాక్సుల పక్కన నిలబడ్డ చెవులు నావి, ఆమె గొంతు మంచం కూడా దాటడం లేదు. మూడుసార్లు చెప్పించాను. ఊరంతా వినిపించే సామాను షాపులో పెట్టుకుని ఆ మనిషి మాట ఒక్కటి వినలేకపోయాను. చివరికి ఆమె దిండు పక్క నుంచి పెన్సిలు తీసి, మందుల చీటీ వెనక తొట్టి బొమ్మ గీసింది. పడుకునే గీయడంతో తొట్టి ఒక పక్కకు ఒరిగింది. దాని పక్కన ఒక గింజ గీసి, నావైపు వేలు చూపించింది.

అర్థమైంది. ఈసారి నీ గింజ దీనికి వేస్తవా అని.

"చూద్దాం లే టీచరమ్మా. ముందు మీరు లేచి హాలుకు రాండ్రి" అన్నాను.

వేస్తనని అంటే నా సొమ్మేం పోయేది? ఇరవై ఏళ్ళకు పైగా కొట్లాడిన మొండితనం అడ్డం వచ్చింది. వేస్తానంటే, ఆమె ఇక లేవదని నేను ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని కూడా అనిపించింది. ఇది ఇంటికి వచ్చాక నాకు నేను చెప్పుకున్న సాకు కావచ్చు. ఆమె మాత్రం చీటీ మడిచి దిండు కింద పెట్టుకుని, సరేనన్నట్టు తల ఊపింది.

ఈ డిసెంబరు మొదటి ఆదివారం, టీచరమ్మ జ్ఞాపకంగా తొట్టి పాటనే ఒకటో నంబరు చేద్దాం, గింజలొద్దని క్వాయర్ అమ్మాయి అంది. అందరూ సరేనన్నారు. నేనొక్కణ్ణే లేచాను. జాలితో ఇస్తే ఆమె తీసుకోదు, గింజలు వేయాల్సిందేనన్నాను. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడు గూడ ఆమెతో పంతమేనా అంకుల్?" అంది. గ్లాసులు తెచ్చారు. నా గింజ తొట్టి గ్లాసులో వేశాను. టంగుమని మోగింది, అది నాకు కూడా వినపడింది.

లెక్కపెట్టారు. తొట్టికి మళ్ళీ పదకొండే. నా గింజ వచ్చి చేరింది, కానీ ఆమె గింజ లేదు. డప్పు నుంచి నాది పోయినా, కొత్తగా చేరినాయన తన గింజ అందులో వేశాడు. డప్పు పన్నెండు. గింజలు వేయాలని పట్టుబట్టింది నేనే కాబట్టి ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. ఒక గింజ ఏడాది ఆలస్యంగా పడితే అది ఎవరికీ పనికిరాదు. ఈసారి లిస్టు అమ్మాయి రాసిచ్చింది, అన్నీ అక్షరాలే. షాపులో కూర్చుని కూడబలుక్కుని, పక్కన నేనే బొమ్మలు గీసుకున్నాను. నా గొర్రె కుక్కలా వచ్చింది.

మొన్న సాయంత్రం ఏడింటికి ట్రక్కు అశోక్‌నగర్‌లో ఆమె సందులోకి తిరిగింది. మేడ మీద దీపం లేదు. గేటుకు టులెట్ బోర్డు కట్టారు. అయినా డ్రైవరు అలవాటుగా ఆపాడు. లిస్టు ప్రకారం డప్పు పాట పెట్టాను. రెండో దెబ్బకే పైన కిటికీ అద్దం కొట్టుకోవడం మొదలుపెట్టింది. సందులో కాగితం కుక్కేవాళ్ళు లేరు. క్వాయర్ వాళ్ళు పాడుతూనే తలలెత్తి చూశారు. సౌండు తగ్గించమని అమ్మాయి చేత్తో సైగ చేసింది.

చెయ్యి నాబ్ మీదే ఉంది. తగ్గిస్తే అద్దం ఆగిపోతుంది. పాట అయిపోయేదాకా, చీకటి గదిలో ఆ ఒక్క అద్దం డప్పుతో పాటు దడదడలాడుతూనే ఉంది.