కుక్కకు పహిల్వాన్ కట్టు

అత్త పోయాక మా మామ కాస్త మాట్లాడేదంటే ఇంట్లో పెంచుకునే చిన్న తెల్లకుక్కతోనే. అప్పుడు మేము జహనుమా బస్తీలో ఉండేవాళ్ళం. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసి మోసి ఆయన నడుం వంగిపోయింది.

ఒక వానాకాలం కుక్క వెనకకాలు నేలకు ఆనించడం మానేసింది. తుంటి మీద చెయ్యి వేస్తే ఏడ్చేది. పశువుల దవాఖానలో ఎక్స్‌రే తీసి, తొడ ఎముక తల పాడైందన్నారు. డాక్టరు ఆపరేషన్ చేసి ఆ తలను కోసేశాడు.

"ఎముక లేకుంటే ఎట్ల నిలబడ్తది సారూ?" అన్నాడు మామ.

"చిన్న కుక్క గదా, కండనే మోస్తది. కానీ రోజూ నడిపియ్యాలె, ఏడ్చినా సరే. పండబెడితే కాలు బిగుసుకపోతది."

అప్పటికి నాకు అక్షరాలు రావు. ఆ మాట దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చాను.

ఇంటి దగ్గర నాలుగడుగులు నడిపిస్తే కుక్క గోలపెట్టింది. మామ దాన్ని ఎత్తుకున్నాడు.

"నడిపియ్యమన్నడు గదా మామా."

"నీకేమెరుక బిడ్డా? నా చెయ్యి ఇరిగితే పహిల్వాన్ కట్టు కట్టి కదలొద్దన్నడు. అతికిందా లేదా? ఎముక కోసినంక నడుసుడేంది!"

మా గల్లీల్లో ఎముకకు దెబ్బ తగిలితే దవాఖానకు కాదు, ఎముకలకు కట్టు కట్టే పహిల్వాన్ దగ్గరికే పోయేవాళ్ళు. మరునాడు నేను పని నుంచి వచ్చేసరికి కుక్క కాలికి వెదురు పుల్లలు, పసుపూ గుడ్డుసొనా పూసిన బట్ట. మామ బార్కస్ దాకా రిక్షాలో పోయి కట్టించుకొచ్చాడు.

"క్యా బాపూ, రేపు పిల్లిని గూడ తెస్తవా అని నవ్విండు పహిల్వాన్. డాక్టర్ కోసిన కాలు ముట్టనన్నడు. కాళ్ళు మొక్కినంక కట్టిండు."

కట్టులో కుక్క ఏడుపు ఆగింది. "చూసినవా?" అన్నాడు మామ.

నెల దాటాక కట్టు విప్పితే తొడ పుల్లలా ఎండి ఉంది. ముడుచుకున్న కాలు చాపబోతే రాలేదు. మళ్ళీ దవాఖానకు తీసుకుపోయాం.

"ఎవరు కట్టిచ్చిండ్రు?" అన్నాడు డాక్టరు.

"నేనే సారూ."

డాక్టరు తిట్టలేదు. కాలు ఒత్తి చూసి, ఇంక రాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆనాటి నుంచి మామ దాన్ని ఒళ్ళోకి తీసుకోలేదు. పొద్దునా సాయంత్రం గల్లీలో నడిపించేవాడు. "చాలు మామా, అలసిపోయింది" అన్నా వినేవాడు కాదు. అది మూడుకాళ్ళ మీద గోడ దాకా పోయి, రొప్పుతూ ఆగేది. ఆయన వంగి, మళ్ళీ పిలిచేవాడు.