అక్క చేతిరాతతో నా దోస్తానా

వారపత్రికల కలం స్నేహం పేజీ చూసి బెజవాడ ఆయనకు ఉత్తరం రాసింది నేనే అంటే సగం అబద్ధం. మాటలు నావి, రాత మా అక్కది. అక్క ఆడపిల్లల తెలుగు బడిల చదివింది, నేనేమో ఉర్దూ మీడియం. తెలుగు దబదబ మాట్లాడుతగాని, చదువుడంటే కూడబలుక్కునుడు, రాసుడంటే వంకరటింకర. నేను చెప్తుంటె అక్క ముత్యాల్లెక్క రాసేది. జవాబొస్తే చదివి వినిపించేది గూడ అక్కనే.

రెండేండ్లు గిట్లనే నడిచింది. గంత దగ్గరి దోస్తు నాకు ఇంకొకడు లేకుండె. ఒకసారి, తన తండ్రితోని మాటల్లేవని, "ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు" అని రాసిండు. అక్క చదువుతుంటె నాకు చెమటలు పట్టినయి. అయినా ఆయనకు నిజం రాయలే. నా బుద్ధి గడ్డి తిన్నది!

ఓనాడు కార్డొచ్చింది. పనిమీద హైదరాబాద్ వస్తున్నడట, నాంపల్లి స్టేషనుకు రమ్మన్నడు. ఇగ నాకు ముద్ద దిగలే. అసలు సంగతి తెలిస్తే దోస్తానా ఉంటదా?

రైలు దిగుడుతోనే, ఫోటోల చూసిన నన్ను గుర్తుపట్టి కావలించుకున్నడు. ఇరానీ హోటల్ల చాయ్ తాగి ఆబిడ్స్ పోస్టాఫీసుకు పోయినం. ఆయన కార్డు కొని నా ముందర పెట్టిండు.

"మా అమ్మకు నీ చేతిరాతంటే ఎంతిష్టమో! నేను క్షేమంగా చేరానని నువ్వే రాయి."

పెన్ను పట్టుకున్న. మొదటి అక్షరం కాడనే ఆగి, దాచలేక అంతా చెప్పేసిన.

ఆయన మొఖం మాడిపోయింది. "అయితే మా నాన్న సంగతి మీ అక్కగారు చదివారా?"

"ఔ."

"మీరు ముందే ఒక్క ముక్క చెప్పాల్సింది."

నువ్వు పోయి మీరైంది. నా పానం పోయినంత పనైంది. కార్డు జేబుల పెట్టుకుని, లక్డీకాపూల్ దిక్కు రిక్షా ఎక్కి పోయిండు.

ఇంటికొచ్చి అక్కకు చెప్తే, "ఈసారి నేను కలం ముట్ట. నువ్వే రాయి" అన్నది. ఒక్కణ్ణే కూసొని, మాఫ్ చెయ్యమని నాలుగు లైన్లు రాసిన. ఎన్ని తప్పులో దేవునికెరుక. నెల దాటింది. పోస్ట్‌మన్ గల్లీల కనబడితే చాలు, వాకిట్లకు ఉరికేటోణ్ణి. మాయింటి ముందటికెళ్లి ఆగకుండ పోతుంటె ఆ పోస్ట్‌మన్ మీదనే కోపమొచ్చేది.

ఆఖరికి కవరొచ్చింది. అక్కను పిలువబోయి ఆగిన. ఎప్పుడూ గొలుసుకట్టుగ రాసేటోడు, ఈసారి ఒక్కో అక్షరం పెద్దగ, విడివిడిగ దిద్దిండు. కూడబలుక్కుని చదివిన.

"నువ్వొక్కడివే చదువుకోవాలని ఇలా రాశాను. నాన్న సంగతి మిగిలింది చెబుతాను, విను."