దొడ్డి తడిక తీసిన పిల్ల

ముట్టయిన ఆడపిల్ల ఆ రోజులన్నీ ఊరి బయటి గుడిసెలోనే ఉండాలి. ఆమెను తాకినవాళ్లు, వాళ్లను తాకినవాళ్లు కూడా ఆ పొద్దంతా గొర్రెల దొడ్డిలో అడుగు పెట్టకూడదు, పెడితే మందకు రోగం తగులుతుందట. మత్తూరు దగ్గర మా పల్లెలో నిన్నమొన్నటి దాకా నడిచిన కట్టుబాటు ఇది. నేనూ ఆ గుడిసెలో పడుకున్నదాన్నే. ఆ తేమ నేల తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక ఆదివారం మా అన్న చిన్నకూతురి వంతు వచ్చింది. పదో తరగతి పిల్ల. అంతకు ముందు నెలే దాన్ని ఆ గుడిసెలో తేలు కుట్టింది. మళ్లీ పొమ్మనేసరికి గుంజ పట్టుకొని ఒకటే ఏడుపు.

"పెద్దోళ్లు పెట్టింది, నేనెట్ల తీసేసేది?" అన్నాడు మా అన్న.

పెద్దకూతురు హోసూరులో ఫోన్ల ఫ్యాక్టరీలో పని చేస్తూ మత్తిగిరిలో గది తీసుకొని ఉంటుంది. సెలవుకు ఇంటికొచ్చింది. అది తండ్రితో వాదించకుండా, చెల్లెలి చెయ్యి పట్టుకొని తనే గుడిసె వైపు నడిచింది. నాకు కోపం నషాళానికి అంటింది. ఇంత చదివి చివరికి ఇదేనా అనుకున్నాను.

కాసేపటికి కాఫీ తీసుకొని వెళ్తే గుడిసె ముందు తిరునాళ్లలా ఉంది. పెద్దది పిలిచిందట, ఊరి పిల్లలంతా, ఆడా మగా, ఒక్కొక్కరూ వచ్చి చిన్నదాని చెయ్యి పట్టుకొని అక్కడే కూర్చుంటున్నారు. అది సిగ్గుతో చచ్చిపోతోంది, నవ్వుతోంది కూడా. ఆదివారాల్లో మందలు తోలేది ఈ పిల్లలే. దొడ్లో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి.

మా అన్న రుసరుసలాడుతూ వచ్చాడు. "ఈడేమి చేస్తుండారు? మంద తోలేది ఎవురు?"

"మేమంతా దాన్ని తాకినామప్పా," అంది పెద్దది తొణక్కుండా. "నీ కట్టుబాటు ప్రకారము ఈ పొద్దు మేము దొడ్డి తొక్కకూడదు గదా."

"అట్లయితే నేనే పోతా!" అని పంచె ఎగ్గట్టాడు.

ఇక నా చేతులు ఆగలేదు. చిన్నదాన్ని గట్టిగా కౌగిలించుకొని, నేరుగా వెళ్లి మా అన్న భుజం మీద చెయ్యి వేశాను.

"ఇప్పుడు నువ్వూ పోకూడదన్నా."

పిల్లలు ఘొల్లున నవ్వారు. అన్న భుజం వంక చూసుకున్నాడు, దొడ్డి వంక చూశాడు. తర్వాత చిన్నదాని కాలి మీద తేలు కుట్టిన మచ్చ దగ్గర ఆయన చూపు ఆగింది. ఎగ్గట్టిన పంచె దించుకున్నాడు.

"రామ్మా," అన్నాడు చివరికి. "నువ్వే తియ్యి తడిక."

అది భయంభయంగా వెళ్లి తడిక లాగింది. ఆకలి మీదున్న గొర్రెలు దాన్ని రాసుకుంటూ, తోసుకుంటూ బయటికి ఉరికాయి. నేను ఈ వయసులో నోట్లో వేళ్లు పెట్టుకొని ఈల వేశాను. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు.

ఆ గుడిసెలో ఇప్పుడు మా కోళ్లుంటున్నాయి. మందకు ఏ రోగమూ రాకపోయేసరికి ఊళ్లో ఏ ఆడపిల్లా బయట పడుకోవడం లేదు. ముట్టు రోజుల్లోనూ చిన్నది నట్టింట్లోనే నిద్రపోతుంది, పొద్దున్నే దొడ్డి తడిక తీసేదీ అదే. కాస్త ఆలస్యమైతే మా అన్నే కేకేస్తాడు.

"ఏమ్మా, గొర్రెలు అరుస్తుండాయి, ఇంకా లేయలేదా?"