నడుముకు కట్టిన లైఫ్ జాకెట్

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, ఎండాకాలం. దేవరకొండ దాటాక గుట్టల నడుమ ఉన్న ఒక రిజర్వాయరులో నేను లైఫ్ గార్డుని. పొద్దంతా నీళ్లు చూస్తూ కూర్చునే ఉద్యోగం అనుకుంటారు జనం. కూర్చుంటే కదా! గాలి మారినా, ఎవరైనా గట్టిగా నవ్వినా లేచి నిలబడతాను. ఇన్నేళ్లయినా నాకు ఆ కుదురు రాలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నకిరేకల్ వైపు నుంచి మల్లయ్య అనే గొర్రెల కాపరి భార్య లక్ష్మమ్మతో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, గట్టి మనిషి. పెడల్ బోటు, అంటే కాళ్లతో తొక్కే చిన్న పడవ, కిరాయికి తీసుకున్నారు. లక్ష్మమ్మకు లైఫ్ జాకెట్ వేసి పట్టీలు బిగించి ఇటు తిరిగేసరికి, ఆయన తన జాకెట్‌ను మడిచి నడుముకు చుట్టుకుని ముడి వేసేసుకున్నాడు.

మా వైపు వ్యవసాయ బావుల్లో అందరం అలాగే ఈత నేర్చుకున్నాం. ఎండిన బెండు నడుముకు కట్టి పెద్దవాళ్లు బావిలోకి తోసేవాళ్లు. ఆయన లెక్కలో ఇదీ ఒక బెండే. కానీ జాకెట్‌కు తేలే బలం చాలా ఎక్కువ. నడుముకు కడితే నడుమునే పైకెత్తి తలను ముంచుతుందని ట్రైనింగులో నాకు చెప్పారు. భుజాలకు వేసుకోమని రెండుసార్లు అడిగాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు తప్ప వినలేదు.

"ఎంత లోతు బాయిలనన్న దుంకెటోణ్ణి. నాకు నేర్పుతవా తమ్మీ?"

వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. నేనూ బెండు కట్టుకుని నేర్చుకున్నవాణ్ణే కదా, ఏం కాదులే అనుకుని తాడు విప్పాను. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

కాసేపటికి గుట్టల సందులోంచి గాలి లేచింది. పడవ బోయ్‌లు దాటింది. బోయ్‌లంటే హద్దు చూపడానికి నీటి మీద తేలే రంగు డబ్బాలు. నేను విజిల్ ఊదుతూనే ఉన్నాను. మల్లయ్య కండువా ఎగిరి నీళ్లలో పడింది. అందుకోబోయి వంగి, తనూ పడ్డాడు.

ఈతగాడు, తేలతాడనుకున్నా. నడుమూ కాళ్లూ పైకి తేలి కొట్టుకుంటున్నాయి, తల మాత్రం లోపలే. రెస్క్యూ బోటు ఇంజను మొదటి లాగుడుకు అందుకోలేదు. రెండోసారికి అందుకుంది. వెళ్లి జుట్టు పట్టుకుని తల పైకి లాగాను. ముడి తడిసి బిగుసుకుపోతే కత్తితో కోశాను. ఆయన్ని పడవలోకి ఎక్కించి, లక్ష్మమ్మ కూర్చున్న పెడల్ బోటును వెనక కట్టుకుని ఒడ్డుకు చేరాను. దారంతా నీళ్లు కక్కుతూనే ఉన్నాడు. దేవుడి దయ, బతికాడు.

దవాఖానకు పంపేముందు, అలా తలకిందులవుతానని తెలియదని మల్లయ్య సిగ్గుపడ్డాడు. చెప్తే విన్నావా అని తిట్టబోయాను. లక్ష్మమ్మ నా వైపు తిరిగింది. ఏడవలేదు, అరవలేదు.

"ఆయినకు తెల్వదు. నీకు తెల్సు గదా బిడ్డా. మరెందుకు పోనిచ్చినవ్?"

ఇప్పుడు ప్రతి జాకెట్ పట్టీ నేనే బిగిస్తాను. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తాను. వద్దన్నవాళ్ల పడవకు తాడు విప్పను. ఎవరెంత తిట్టినా పడతాను. ఆమె అడిగిన మాట ముందు మాత్రం ఇంకోసారి నిలబడలేను.