బూరెగాడి గాదె

మా చిన్నప్పుడు... ఒక దసరా సెలవుల్లో, విశాఖపట్నం నుంచి వచ్చిన మా పిన్ని ఒక చిన్న తీగల పంజరం తెచ్చి అరుగు మీద పెట్టింది. లోపల చెక్కపొట్టులో పిడికెడంత గోధుమరంగు ఉండ... కదులుతోంది!

"దీన్ని హామ్‌స్టర్ అంటారే. నీ కోసమే తెచ్చాను" అంది.

రామచంద్రపురం దగ్గర మా ఊరు. అప్పటికి ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చేశాయి గానీ, హామ్‌స్టర్ అన్న మాట ఎవరూ వినలేదు. చూడ్డానికి మూగినవాళ్ళంతా ఒకటే మాట... "ఎలుకే కదండీ ఇది!"

వరి పండించే ఇంట్లో ఎలుక అంటే ఎంత మంటో చెప్పక్కర్లేదు. చేలు ఈనబోతూ పొట్ట మీదున్న రోజులు. దుబ్బులకు దుబ్బులు కొరికి పారేస్తున్నాయని నాన్నగారు పోలయ్య తాతను పిలిపించారు. పోలయ్య తాత పని ఎలుకలు పట్టడం. సాయంత్రం గట్ల మీద ఉచ్చు బిగించిన వెదురు బుట్టలు పెట్టి, పొద్దున్నే వెళ్ళి తీసుకొచ్చేవాడు.

అలాంటి ఇంట్లో నేను ఎలుకను పెంచుతానంటే... నాన్నగారు ఆ పంజరం వైపు కూడా చూడలేదు.

నాకైతే ఇక అదే లోకం. గింజలు కుక్కుకుంటే వాడి బుగ్గలు రెండూ పూర్ణం బూరెల్లా ఉబ్బేవి. అందుకే బూరెగాడు అని పేరు పెట్టాను. పొద్దున్నే మామ్మ వాకిలి ఊడుస్తుంటే, పక్కనే నేను వాడి పంజరం ఊడ్చేదాన్ని. వాడు ఓ మూల పోగేసుకున్న గింజలన్నీ ఎత్తి పారేసి, కొత్తవి పోసేదాన్ని. మధ్యాహ్నం నిద్రపోతుంటే లేపి మరీ ఆడించేదాన్ని. ఇంతకంటే బాగా ఎవరు చూసుకుంటారు అనుకునేదాన్ని!

మూడో రోజు కసుక్కున కరిచాడు. వేలి నుంచి రక్తం కారింది. నేను ఏడ్చింది నొప్పికి కాదండీ... ఇంత చేస్తే, నేనంటే ఇష్టమే లేదా వీడికి, అని.

అమ్మ పసుపు అద్దుతుంటే నాన్నగారు వచ్చారు. "చేలో ఎలుకల్ని పట్టడానికి మనిషిని పెట్టుకుని, ఇంట్లో ఎలుక చేత కరిపించుకోవడం ఏంటమ్మా? సెలవులు అయ్యేదాకా చూస్తాను. అప్పటికీ మచ్చిక కాకపోతే పిన్నితో వెనక్కి పంపించేద్దాం."

ఆయన అన్నారంటే అన్నట్టే. సెలవులు ఇంకా వారం ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న పోలయ్య తాత చేలోంచి వస్తూ, బుట్టలు దించి పంజరం ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను అప్పుడే ఊడ్చి గింజలు చేటలోకి ఎత్తాను.

"అయ్‌బాబోయ్... దాని గాదె దోచేశారేంటండీ పాపగారూ!" అన్నాడు.

"గాదె ఏంటి తాతా? ఇది చెత్త."

"చెత్త కాదండి. కోతలప్పుడు ఎలక కన్నం తవ్వితే లోపల కుంచాల కొద్దీ ధాన్యం ఉంటాదండి. కట్టపడి దాసుకుంటాయి. మేం అది తవ్వుకొచ్చేత్తే, ఆ కన్నంలో మళ్ళీ ఎలకన్నది ఉండదండి. మీరు రోజూ ఇలా తవ్వుకుపోతుంటే, ఇది మటుకు మిమ్మల్నెలా నమ్ముద్ది?"

గబగబా చేట అందుకున్నాను. ఆ గింజలన్నీ మళ్ళీ ఆ మూలనే పోసేశాను.

"బుట్టలు పెట్టేముందు మేం చేతులకి చేలో మట్టి రాసుకుంటామండి. మనిషి వాసన తగిల్తే ఎలక రాదు. మీరు అందుకు తిరగేసి చెయ్యండి. మీ పాత గౌను ముక్కొకటి లోపల పడెయ్యండి... మీ వాసన అలవాటవ్వుద్ది. పగలు లేపకండి. దీపాలెట్టే ఏళకి అదే లేత్తాది. అప్పుడు చెయ్యి లోపలెట్టి ఊరుకోండి. పట్టుకోవద్దు."

బతుకంతా ఎలుకల్ని పట్టిన మనిషి నాకు మచ్చిక చేయడం నేర్పాడు...

రోజూ అసురసంధ్య వేళ అరుగు మీద కూర్చుని, నాలుగు ధాన్యం గింజలు అరచేతిలో వేసుకుని పంజరంలో పెట్టేదాన్ని. దోమలు కుట్టేవి. చెయ్యి తిమ్మిరెక్కేది. కదిలితే ఒట్టు! మొదటి రోజు వాడు దూరం నుంచే ముక్కు ఎగరేసి పారిపోయాడు. మూడో రోజు ఒక గింజ లాక్కుపోయాడు. ఐదో రోజు వేళ్ళు వాసన చూశాడు... కరవలేదు.

పిన్ని రేపు వెళ్ళిపోతుందనగా, ఆ సాయంత్రం అరచేతిలోకి ఎక్కాడు. బుల్లి బుల్లి కాళ్ళు, వెచ్చగా. గింజలన్నీ బుగ్గల్లో కుక్కుకున్నాడు. ఇక మూలకు పరిగెడతాడనుకున్నాను. అక్కడే కూర్చుని, ముందు కాళ్ళతో బుగ్గలు నొక్కుకుంటూ, ఆ గింజలన్నీ నా చేతిలోనే కక్కేశాడు. నా చేతినే గాదె చేసుకున్నాడు! ఏడుపొచ్చేసింది నాకు.

వాలుకుర్చీలోంచి నాన్నగారు చూస్తూనే ఉన్నారు. "చెక్కపొట్టు అయిపోయినట్టుంది. మిల్లు నుంచి ఊక తెప్పిస్తాలే" అన్నారు. అంతే... బూరెగాడు మా వాడైపోయాడు.

అప్పుడే పోలయ్య తాత బుట్టలు తీసుకుని చేలోకి బయల్దేరుతున్నాడు. బూరెగాడిని దోసిట్లో పెట్టుకుని పరిగెత్తాను. "తాతా, చెయ్యి పట్టు! నీ చేతిలో పెడతాను."

ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"నా చేతిలో పెట్టకండి పాపగారూ. ఈ చేతుల్ని అది నమ్మకూడదండి... పాపం" అన్నాడు నవ్వుతూ. అలాగే నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత బుట్టలెత్తుకుని వెళ్ళిపోయాడు. నేను అడిగితే కాదన్నాడని నాకు బోలెడు కోపం వచ్చింది.

బూరెగాడు రెండేళ్ళు బతికాడు. పోలయ్య తాతా ఇప్పుడు లేడు. వెదురు బుట్టలూ కనబడటం లేదు... కన్నంలో మందు బిళ్ళ వేసి మట్టి కప్పేస్తున్నారు. నేను రాజమండ్రిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. ఏ ప్రాణిని ఎలా మచ్చిక చేసుకోవాలో ఫోన్లో రెండు నిమిషాల్లో చూపిస్తున్నారు. ఏమీ పట్టుకోకుండా, కదలకుండా, చెయ్యి చాచి కూర్చున్న ఆ సాయంత్రాలు మాత్రం మళ్ళీ రాలేదు. వాటి కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

మీకూ ఇలా ఒక ప్రాణిని దగ్గరకు తీయడం నేర్పిన వాళ్ళున్నారా? వాళ్ళ గురించి రాయండి, చదవాలనుంది.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు... తాత చేతులెందుకు దాచుకున్నాడో తెలియలేదు. ఇప్పుడైతే "ఏం పర్లేదు తాతా" అని ఆ చేతులు ముందుకు లాగి, బూరెగాడిని ఒక్కసారి వాటిలో కూర్చోబెట్టేదాన్ని.