‘బాగుండాది’ అని చెప్పినందుకు

నాకు డిగ్రీ అయిపోయి, ఉద్యోగం ఇంకా మొదలుకాని రోజులవి. ఆ రోజుల్లో నా దగ్గర పుష్కలంగా ఉన్నవి రెండే: ఒకటి తీరిక, రెండోది ఫోన్లో నెట్టు (దాని రీచార్జి కూడా మా అక్కే చేయించేది). జేబు ఖాళీగా ఉన్నప్పుడు స్నేహితుల మీద ప్రేమ పొంగుకొస్తుందేమో! ఇప్పుడు ఎవరైనా అంగడి పెట్టామంటే వాట్సాప్‌లో ఒక బొటనవేలు బొమ్మ పంపి నా పని చూసుకుంటున్నాను గానీ, అప్పుడు మా పట్టుగాడు గోరంట్ల దాటినాక కదిరి రోడ్డు పక్కన ఉగ్గాని-బజ్జీ అంగడి పెడితే, దాన్ని నిలబెట్టే భారం మొత్తం నా భుజాల మీదే పడిందనుకున్నాను.

పట్టుగాడికి ఆ పేరు రెండు విధాలా సరిపోయింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టాడు. పట్టిన పట్టు వదలడు. వాళ్ళ నాయనకు కొడుకు మగ్గం మీద కూర్చోవాలని ఆశ. వీడికేమో నానిన బొరుగులను (మరమరాలను) గట్టిగా పిండి, ఉల్లిగడ్డ తిరగమాతలో వేసి, పప్పులపొడి చల్లి కలపడంలో ఉన్న సంతోషం పోగులు అతకడంలో లేదు. వాదించీ వాదించీ ఆయనే చివరికి ఒక గడువు పెట్టాడు. “ఉగాది దాకా చూస్తా. అంగడి నడిచిందా, సంతోషం. నడవలేదా, నోరు మూసుకోనొచ్చి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టు.” ఉగాదికి అప్పటికి మూడు నెలలుంది.

నా మొదటి సాయం ఏమిటంటే, గిరాకీ ఉన్నట్టు కనిపించడానికి రోజూ పొద్దున్నే ప్లేటు పట్టుకొని అంగడి ముందు నిలబడటం. ఖాళీ ప్లేటైతే జనం నమ్మరు కదా, అందుకని అందులో ఉగ్గాని పెట్టించుకునేవాణ్ణి. తినకుండా ఊరికే పట్టుకుంటే అనుమానం వస్తుంది కదా, అందుకని తినేవాణ్ణి. రెండు వారాలు చూసి పట్టుగాడు చేతులు జోడించాడు. “నీ సాయం ఇట్లే సాగితే నాకు బొరుగుల మూటలు చాలవప్పా. నీకూ నాకూ దుడ్లు కర్చుగాని సాయం ఇంకేమన్నా ఉంటే చూడు.”

అప్పుడు తట్టింది నాకు, ఫోన్లో మ్యాపు. రోడ్డు మీద పోయే కార్లవాళ్ళందరూ దాన్ని చూసుకునే ఆగుతారు. మన అంగడి పేరు కింద నాలుగు మంచి మాటలుంటే చాలు. నా ఫోను సరేసరి, అంగడి తెరిచిన రోజు ఊరికే తిన్నవాళ్ళందరి ఇళ్ళకూ తిరిగి, ఒక్కొక్కరి ఫోనూ అడిగి తీసుకున్నాను. తెలుగులో టైపు కొట్టేంత ఓపిక నాకెక్కడిది? మైకు బొమ్మ నొక్కి నోటితో చెప్పేశాను. “ఉగ్గాని శానా బాగుండాది.” “బజ్జీలో ఉప్పూ కారం సరిగ్గా ఉండాది.” “కూచునేకి జాగా ఉండాది.” “ఓనరుకు మర్యాద ఉండాది.” ప్రతిదానికీ ఐదు చుక్కలు నొక్కి, తిరిగి ఇచ్చేశాను. ఫోను ఏం రాసిందో చదివి చూసుకోలేదు (రాసింది చదివి చూసుకునే అలవాటు నాకు పరీక్షల్లోనే లేదు).

ఆ తరువాత జరిగింది విచిత్రం. అంతకుముందు అడపాదడపా ఆగే కార్లు కూడా ఆగడం మానేశాయి. దగ్గరికొచ్చి నెమ్మదించేవి. లోపలివాళ్ళు ఫోను చూసేవాళ్ళు, మమ్మల్ని చూసేవాళ్ళు, వెళ్ళిపోయేవాళ్ళు. ఒకావిడైతే అద్దం దించి పట్టుగాడి వైపు జాలిగా చూసి మరీ పోయింది. “ఎండకు నెట్టు స్లో అయింటుందిలేరా” అని నేను ధైర్యం చెప్పేవాణ్ణి. ఉగాది వారంలోకి వచ్చేసింది. మిగిలిపోయిన శనగపిండి చూసుకుంటూ వాడు, “నాకు మగ్గమే రాసిపెట్టిండాది” అన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. వాడి కోసం నేను చేయగలిగింది ఇదొక్కటే, అదీ పనిచేయలేదు.

మరునాడే వాళ్ళ నాయన బస్సు దిగాడు. చేతిలో ఫోను. చీరలు కొనే సేటు పంపే డిజైన్లు చూసుకోవడానికి కొన్న ఫోను అది.

“ఏమిరా, ఊరంతా కలిసి నిన్ను ఇట్ల తిట్టినారే! ఉగ్గాని బాగుండదంట, ఉప్పూ కారం ఉండదంట, నీకు మర్యాదే ఉండదంట. చుక్కలు మాత్రం ఐదైదు పెట్టినారు. ఇంత మర్యాదగా తిట్టేది నేను యాడా చూడలా. సామాన్లు సర్దు, పోదాం.”

పట్టుగాడి మొహం తెల్లబోయింది. నేను అడ్డం పడ్డాను. “మామా, ఎవురో గిట్టనోళ్ళు రాసింటారు. పోయేది ఎట్లాగూ పోతావు, ఒక్క ప్లేటు తిని పో.”

ఆయన తిన్నాడు. ప్లేటు మళ్ళీ చాపాడు. రెండోది కూడా అయ్యాక మూతి తుడుచుకొని, “బాగుండాదే! మరి ఈళ్ళకేం రోగం? ఏమప్పా, దీంట్లో ఎట్ల రాసేది? నిజం నేను రాస్తా” అన్నాడు. నేను ఉత్సాహంగా మైకు నొక్కి ఆయన నోటి దగ్గర పెట్టాను. ఆయన గొంతు సవరించుకొని, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు, “నా కొడుకు చేసే ఉగ్గాని శానా బాగుండాది” అన్నాడు.

తరువాత కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు. “నా కొడుకు చేసే ఉగ్గాని చాలా బాగుండదు.”

“నేను అన్నేదేమి, ఇది రాసేదేమి?” అన్నాడాయన. పట్టుగాడు మెల్లగా నా వైపు తిరిగాడు. “మిగతావి ఎవురు చెప్పినారప్పా?”

“నేనే” అన్నాను. మూకుడు వాడి చేతికి దగ్గరగా ఉంది కాబట్టి రెండడుగులు వెనక్కి వేసి అన్నాను.

మొదట నవ్వింది వాళ్ళ నాయనే. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, “తప్పు ఫోనుది. గడువు వచ్చే ఏడు ఉగాదికి” అని తీర్పు చెప్పి, బజ్జీలు పొట్లం కట్టించుకొని తరువాతి బస్సు ఎక్కాడు. పట్టుగాడు ఆ రివ్యూలు ఒక్కటీ తీయించలేదు. అంగడి ముందు బోర్డు రాయించాడు: ‘ఫోన్లో బాగుండదు. ఈడ బాగుండాది.’ ఆ బోర్డును ఫోటో తీసుకోవడానికే కార్లు ఆగడం మొదలైంది. ఆగినవాళ్ళు తినకుండా పోతారా! గడువు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

పోయిన నెల బెంగుళూరు నుంచి వస్తూ అక్కడ ఆగాను. ఇప్పుడు నా ఉద్యోగం రోజంతా ఫోన్లో కస్టమర్లతో “బాగుందండీ, తప్పకుండానండీ” అనడమే. కడుపునిండా తిన్నాక డబ్బు తీయబోతే పట్టుగాడు గరిటె ఎత్తాడు. సరే, పాత పాపమైనా కడుక్కుందామని నా రివ్యూ మార్చడానికి మైకు నొక్కి ఒక మాట చెప్పాను. ఫోను ఒక్క తప్పు లేకుండా రాసింది: ‘ఉగ్గాని చాలా బాగుంది.’ నాకు భలే గర్వమనిపించింది. గల్లా పక్కన వాడి ఫోను టింగుమంది. వాడు చదువుకొని, “ఎవురో బయటోళ్ళు పెట్టినారప్పా. పేరు అచ్చం నీ మాదిరే ఉండాది” అన్నాడు.

నేను దాన్ని చెరిపేశాను. మైకు మళ్ళీ నొక్కి, అలవాటు తప్పిన నాలుకను కాస్త బతిమాలుకొని, “ఉగ్గాని శానా బాగుండాది” అన్నాను. ఫోను వెంటనే ‘బాగుండదు’ అని రాసింది. ఈసారి చదివి చూసుకొని మరీ, ఐదు చుక్కలు నొక్కాను.